మడత చాకు

కోయడం ఒక్కటే కత్తికి ధర్మం. మడత చాకుకు ధర్మాలు రెండు. తెరిచినప్పుడు కోయాలి, మడిచినప్పుడు జేబులో ఉన్నా, మొలలో దోపుకున్నా ఎవరినీ గాయపరచకుండా ఉండాలి. ఈ రెండవ ధర్మం కోసమే దానికి ఇరుసు, స్ప్రింగు, గాడి అనే ఇన్ని అవయవాలు కావలసివచ్చాయి. అవయవాలున్నచోట రోగాలు తప్పవు కనుక వాటిని కుదిర్చే విద్య కూడా అవసరమయింది.

తెలుగువారికి ఈ పరికరం పాత పరిచయమే. తాళపత్రాల కాలంలో దక్షిణదేశపు లేఖకులు వాడిన ఘంటాలలో కొన్నింటికి పిడిలోనే మడిచే చిన్న చాకు ఉండేది. దానితో ఆకు అంచును సరిచేసుకుని, రెండవ కొనతో అక్షరాలు గీసేవారు. ఇంగ్లీషువారు చిన్న మడత చాకును ‘పెన్ నైఫ్’ అనడానికి కారణమూ ఇటువంటిదే. పక్షి ఈకలను చెక్కి కలాలు చేసుకున్న నాటి పేరది. రెండు దేశాలలోనూ చాకు మొదట రాతగాడి పక్కన కూర్చున్నదన్నమాట. ఇక క్షౌరశాలలోని పాత కత్తి రెండు రేకుల పిడిలోకి ముడుచుకుని పడుకునేది. మార్చి వేసుకునే బ్లేడ్లు వచ్చాక అది దాదాపు కనుమరుగయింది. తాంబూలపు పళ్లెంలోని అడకత్తెర మడత చాకు కాకపోయినా, ఒకే ఇరుసు మీద తిరుగుతుంది గనుక దాయాది అనవచ్చు.

విశాఖపట్నానికి నైరుతి దిక్కున, జాతీయ రహదారి మీద ఉన్న గాజువాక 2005లో మహానగరంలో కలిసింది. అక్కడ మడత చాకు నేటికీ పనిముట్టుగానే బతుకుతోంది. కరెంటు పనివారు తీగల మీది తొడుగు ఒలవడానికి, ఓడరేవు కళాసీలు మోకులు కోయడానికి, లారీ క్లీనర్లు టార్పాలిన్ తాళ్లు తెంపడానికి, చేపల రేవులో వలలు బాగుచేసేవారు దారం కత్తిరించడానికి దానినే ఆశ్రయిస్తారు. సముద్రపు గాలిలోని ఉప్పు ఇనుమును ఊరికే వదలదు. నాలుగు రోజులు తుడవకుండా వదిలిన చాకు అయిదవ రోజున తెరుచుకోనని మొరాయిస్తుంది.

ఈ ప్రాంతానికి ఉక్కుతో ఉన్న అనుబంధాన్ని తెలుగు విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు. 1966లో ఉక్కు కర్మాగారం కోసం సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. అయితే అక్కడ ప్రధానంగా తయారయ్యేవి కడ్డీలు, తీగచుట్టలు, కోణాల వంటివి. అవి వంతెనలకూ భవనాలకూ పనికివచ్చే సరుకు. లక్షల టన్నుల ఉక్కు కరిగే ఊరిలో, ఒక చాకు స్ప్రింగుకు కావలసిన మూడంగుళాల ముక్క కోసం ఆటోనగర్‌లోని పాత ఇనుము కుప్పలు వెదకవలసివస్తుంది. విరిగిన లారీ కమాను పట్టీయో, అరిగిన రంపపు బ్లేడో దొరికితే అదే భాగ్యం.

అలా వెదికేవారిలో ఒక విశ్రాంత ఫిట్టరు ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. పెదగంట్యాడ వైపు ఒక వీధిలో, తన ఇంటి అరుగు మీద చిన్న బల్ల వేసుకుని మడత చాకులు బాగుచేస్తాడు. ఇరుగుపొరుగువారికి ఆయన ‘మేస్త్రీ’. కర్మాగారం కోసం ఖాళీ అయిన గ్రామాలలో ఒకటి ఆయన పుట్టిన ఊరు. అక్కడ తండ్రికి కొలిమి ఉండేది. ఊరు పోయింది, కొలిమి పోయింది. బదులుగా కర్మాగారంలో ఉద్యోగం వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లు అక్కడ మనిషి ఎత్తుకు మించిన యంత్రాల బోల్టులు బిగించి పదవీ విరమణ చేశాడు. తండ్రి కొలిమి సామగ్రిలో ఆయనకు మిగిలినది ఒక చిన్న దాగలి. ఇప్పుడు దాని మీద తట్టే రివెట్టు చిటికెనవేలి గోరంత కూడా ఉండదు.

ఈ పనిలోని చికాకు దూరం నుండి చూసేవారికి బోధపడదు. చాకు అలుగు మొదట్లో ఒక రంధ్రం ఉంటుంది; దానిలోనుండి పిడి రెండు పక్కలనూ కలుపుతూ ఒక రివెట్టు పోతుంది. అదే ఇరుసు. పిడి వీపు వెంట ఒక స్ప్రింగు పట్టీ ఉంటుంది. అలుగు పూర్తిగా తెరుచుకోగానే ఆ పట్టీ కొన అలుగు మొదటనున్న గాడిలో పడి ‘టక్’మంటుంది. అలుగు మొదట్లోనే కింది వైపున ఒక చిన్న బొడిపె ఉంటుంది. చాకు మడిచినప్పుడు ఆ బొడిపె స్ప్రింగుకు ఆని, పదును దానికి తగలకుండా కాపాడుతుంది. ఉన్న భాగాలు ఇవే. కానీ వీటిలో ఒకదానిని ముట్టుకుంటే మిగిలినవన్నీ కదులుతాయి.

మొదట పాత రివెట్టు తలను ఆకురాయితో రాసి, సన్నని మేకు పెట్టి తట్టి బయటకు తీయాలి. పిడి బర్రెకొమ్ముతో చేసినదైతే ఇక్కడే ప్రమాదం. ఏళ్ల తరబడి ఎండిన కొమ్ము ఒక్క దెబ్బకు నిలువునా చీలుతుంది. చీలిన కొమ్ము అతుకును అంగీకరించదు. తుప్పు పట్టినదైతే కిరసనాయిలులో ఒక రాత్రి నానబెట్టాలి, కొన్నిటికి మూడు రాత్రులు కావాలి. తిరిగి బిగించేటప్పుడు రివెట్టు తలను సుత్తితో మెల్లగా తట్టి పరచాలి. ఒక దెబ్బ తక్కువయితే అలుగు అటూ ఇటూ ఊగుతుంది. ఒకటి ఎక్కువయితే కదలనే కదలదు. ఆ ఒక్క దెబ్బ ఎక్కడ ఆపాలో చెప్పే కొలబద్ద ఇంతవరకు రాలేదు. మేస్త్రీ మాత్రం అలుగుకూ పిడికీ మధ్య పలుచని రేకు ముక్క ఒకటి దూర్చి తట్టి, తరువాత దానిని లాగివేస్తాడు. రేకు విడిచిన ఖాళీయే అలుగు తిరగడానికి చాలినంత చోటు. ఉపాయం చిన్నదే అయినా, అది తోచేలోపు ఎన్ని పిడులు బలి అయ్యాయో ఆయన చెప్పడు.

అన్నిటికంటే కఠినమైనది స్ప్రింగు. దుకాణంలో విడిగా అమ్మే వస్తువు కాదు. ప్రతి చాకుకు దాని కొలతకు తగినట్లు చేయవలసిందే. కమాను పట్టీ ముక్కను ఎర్రగా కాల్చి, బూడిదలో పూడ్చి నెమ్మదిగా చల్లారనిస్తే మెత్తబడుతుంది. అప్పుడు ఆకురాయితో రోజంతా రాసి ఆకారం తేవాలి. తరువాత మళ్లీ ఎర్రగా కాల్చాలి. అయస్కాంతం దగ్గరకు తెచ్చినా అంటని స్థితికి వచ్చేవరకు వేడెక్కనిచ్చి నూనెలో ముంచాలి. ఇప్పుడది గాజు వలె గట్టిది, గాజు వలెనే పెళుసుది. చేయి జారి నేల మీద పడితే రెండు ముక్కలు. దాని పొగరు దించడానికి పైనున్న నలుపును గీకి మెరిపించి, ఇసుక పోసిన మూకుడు మీద సన్నని మంటకు మళ్లీ వేడిచేయాలి.

అప్పుడు రంగులు వస్తాయి. మొదట ఎండుగడ్డి పసుపు, దాని వెనుక గోధుమ, ఆపైన వంగపండు రంగు, చివరకు నెమలి కంఠపు నీలం. అలుగుకు పసుపు దగ్గరే ఆపాలి. కోసే అంచుకు కాఠిన్యం ముఖ్యం. స్ప్రింగుకు నీలం వరకు పోనివ్వాలి. వంగి తిరిగి లేవడం దాని పని. నీలం వచ్చిన కొద్ది క్షణాలలో బూడిద రంగు తిరిగితే స్ప్రింగు మెత్తబడినట్లే, రోజంతటి శ్రమ వృథా. మేస్త్రీ అరుగు మీద మధ్యాహ్నం పని చేస్తాడే గాని ఈ పనికి మాత్రం ఎండలో కూర్చోడు. నీడలోనే రంగు నిజం చెబుతుందంటాడు. పాత తెలుగు నిఘంటువులలో దీనికి ‘పాయనం’ అనే మాట ఉంది. ఆ మాట ఆయనకు తెలియదు. ఆ పని ఆయన కంటికి తెలుసు.

ఈ ఎండుగడ్డి పసుపుకు ఒక చరిత్ర ఉంది. 18వ శతాబ్దం చివర భారతదేశపు ఉక్కు దిమ్మలు కొన్ని ‘ఊట్జ్’ అన్న పేరుతో లండను చేరాయి. మన ‘ఉక్కు’ అన్న మాటే అక్కడివారి నోట అలా మారిందని పలువురు పండితులు భావిస్తారు. 1795లో జార్జ్ పియర్సన్ అనే వైద్యుడు రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసంలో ఆ ఉక్కుపై జరిపిన పరీక్షలను వివరించాడు. జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల పనివాడు ఆ దిమ్మ నుండి చేసిన మొదటి వస్తువులలో ఒకటి ఖడ్గం కాదు, కలం చెక్కే చిన్న చాకు! దానికి 450 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 232 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర పాయనం కుదిరిందని, మేలైన చాకులకు అది ఏమాత్రం తీసిపోలేదని ఆ వ్యాసం చెబుతుంది. ఉక్కు పసుపు వన్నె తిరిగేది సరిగా ఆ వేడి దగ్గరే. ఇటువంటి మూస ఉక్కుకు పేరుపడిన చోట్లలో తెలంగాణలోని నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఒకటి. అక్కడి సరుకు కోసం పారశీక వర్తకులు వచ్చేవారు. తరువాతి కాలంలో మైకేల్ ఫారడే కూడా ఇదే స్టోడార్ట్‌తో కలిసి ఉక్కు మిశ్రమాలపై ప్రయోగాలు చేసి 1820లో ప్రకటించాడు. శాస్త్రజ్ఞుడు కత్తుల పనివాడి పక్కన కూర్చోవడం ఆ కాలానికే చెల్లిందేమో.

సైకిలు చక్రానికి సానరాయి కట్టుకుని వీధుల్లో తిరిగేవారి మీద మేస్త్రీకి ఒక ఫిర్యాదు ఉంది. తొందరలో అలుగును రాతికి గట్టిగా అదిమితే నిప్పురవ్వలు అందంగా లేస్తాయి, చూసేవారికి ముచ్చటగానూ ఉంటుంది. ఆ వేడికి అంచు నీలం తిరిగి, పాయనం దిగిపోతుంది. అటువంటి చాకు రెండు రోజులు కోసి మూడవనాడు మొద్దుబారుతుంది. అది చివరకు ఆయన బల్ల మీదికే వస్తుంది. మీట నొక్కగానే అలుగు ఎగిరి బయటకు వచ్చే కత్తులను మాత్రం ఆయన ముట్టుకోడు. ఎంత సొమ్ము ఇస్తామన్నా, “నాకు రాదు బాబూ” అని పంపేస్తాడు. రాకపోవడమేమీ లేదని వీధికంతటికీ తెలుసు.

ఒకనాడు ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ శిక్షణ పొందుతున్న అమ్మాయి ఒక చాకు తెచ్చింది. కళాసీగా పని చేసి మరణించిన తండ్రిది. స్ప్రింగు విరిగింది, అలుగు కొన విరిగింది, కొమ్ము పిడికి ఒక పక్క సన్నని బీట. ఇరుసు స్థానంలో వంకర మేకు ఒకటి ఉంది. ఎప్పుడో తండ్రే ఊడిన రివెట్టుకు బదులు కొట్టుకున్నాడు.

“కొత్తది కొనుక్కోవచ్చు కదేటమ్మా? దీనికయ్యే కష్టానికి కొత్తవి రెండొస్తాయి.”

“దీంతోటే పని నేర్చుకోవాలని ఉంది తాతా. ఆ మేకు తియ్యకుండా చెయ్యలేరా?”

మేకు తీయక తప్పదు. వంకర ఇరుసు మీద ఎంత మంచి అలుగైనా వంకరగానే తిరుగుతుంది. మేస్త్రీ ఆ మాటే చెప్పాడు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తల ఊపి వెళ్లిపోయింది.

పని తొమ్మిది రోజులు పట్టింది. మేకు బయటకు రావడానికే రెండు రోజులు. బీట పెరగకుండా కొట్టవలసి వచ్చింది. మొదటి స్ప్రింగు నూనెలో ముంచగానే చిట్లింది. రెండవది నీలం దాటి బూడిద రంగుకు పోయింది; ఆ సాయంత్రం ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. మూడవది నిలిచింది. విరిగిన కొనను కొత్తగా తీర్చడానికి పదును వైపు ముట్టుకోకుండా అలుగు వీపును అరగదీశాడు. అయినా మడిచినప్పుడు కొన పిడిలోనుండి కొంచెం పైకి కనిపించింది. మూసిన చాకు గుచ్చుకోకూడదు. అందుకని బొడిపెను రెండు వెంట్రుకల మందం రాసి, అలుగును లోపలికి దించాడు. చివరి దెబ్బ తట్టి, రేకు లాగి, చాకు తెరిచాడు. ‘టక్’మంది. మళ్లీ మూశాడు, మళ్లీ తెరిచాడు. పనిలో అవసరం తీరిన తరువాత కూడా అలా ఇరవైసార్లయినా తెరిచి మూసి ఉంటాడు. లోపలినుండి భార్య, “ఇంక సాల్లే, అరిగిపోతాది” అని కేకవేసేవరకు ఆపలేదు.

అమ్మాయి వచ్చినప్పుడు చాకును, కాగితంలో చుట్టిన పాత మేకును చేతికిచ్చాడు. ఆమె మొదట కాగితమే విప్పింది. తరువాత చాకు తెరిచి, సంచిలోని తీగ ముక్క ఒకటి తీసి తొడుగు ఒలిచి చూసుకుంది. అలుగు పొట్టిదయిందని గమనించింది.

“ఇది ఇంకెన్నాళ్లొస్తాది తాతా?”

మేస్త్రీ చాకును తీసుకుని మడిచి, బొడిపె దగ్గర గోరుతో చూపించాడు. “కొన ఇరగ్గొట్టకుండా వాడుకుంటే నీ పిల్లలకీ వస్తాది. ఇరిగితే మాత్రం దీన్ని ఇంకొక్కపాలి రాయొచ్చు. ఆపైన రాస్తే పదును పోయి స్ప్రింగుకి తగుల్తాది తల్లీ.”