పగడాలకు వడ్డన

దీపాలు ఆరాక మా డాలస్ ఇంట్లోని ఉప్పునీటి తొట్టెలో పగడాలకు భోజనాల వేళ. పగలంతా రాళ్లలా ఉన్నవే, చీకట్లో సన్నని టెంటకిల్స్ చాపుతాయి. వాటి ఒంట్లో కాపురముండే శైవలాలు వెలుగుతో చక్కెర వండిపెడతాయి. నత్రజని, భాస్వరం మాత్రం బయటి నుంచి రావాలి. అందుకే నీళ్లలోని మలినాల్ని నురగతో లాగేసే స్కిమ్మర్ ఆపి, అప్పుడే గుడ్లలోంచి బయటికొచ్చిన ఆర్టీమియా అనే బుల్లి ఉప్పునీటి రొయ్యల పిల్లల్ని డ్రాపర్‌తో వదులుతాను. కాకినాడ తీరంలోని రొయ్యల హేచరీల్లోనూ ఇదే మేత.

ట్రైడాక్నా ఆలిచిప్పకు అది మరీ పెద్ద ముద్ద. రెండు మూడు మైక్రాన్ల నానోక్లోరాప్సిస్ శైవలం కలిపిన పచ్చనీళ్లయితే వడకట్టుకుంటుంది. కాస్త ఎదిగాక మంచి వెలుగు, నీళ్లలో కరిగిన పోషకాలతోనే చాలావరకు నెట్టుకొస్తుంది, మేత సీసా మీద ఏం రాసి ఉన్నా సరే! సన్ కోరల్ అనే పగడానికి ఆ వెసులుబాటు లేదు. దాని ఒంట్లో శైవలాలే లేవు కనుక నోటికి అందించాల్సిందే.

మిగిలిన మేత కుళ్లితే నైట్రేటు, ఫాస్ఫేటు పెరుగుతాయి. కొసరి కొసరి వడ్డించే మన మర్యాద ఈ తొట్టెలో పనికిరాదు.

ఇండియాలో అయితే ఈ ముచ్చటే కుదరదు. రాతిపగడాలకూ ట్రైడాక్నాలకూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. అది సబబేనంటాను, తొట్టె ముందు కూర్చునే.