ఎంత ఎత్తున ఎగిరిందంటారు?

 కాసేపు ఇలా అరుగు మీద కూర్చోండి, విమానాల కబురొకటి చెబుతాను. కోనసీమ వాళ్ళకి విమానాలతో ఏం పని అనకండి. విమానమెక్కాలంటే మధురపూడి దాకా పోవాల్సిందే గానీ, విమానాల మీద మోజుకి మనకేం తక్కువ లేదు. పైగా మన పిల్లలు సగం మంది బెంగళూరులోనే కదా! అందులోనూ మారతహళ్ళి చుట్టుపక్కల తెలుగు వినపడని వీధి ఉండదు. హెచ్.ఎ.ఎల్. పాత విమానాశ్రయం రన్‌వే ఆ పక్కనే. 2001 జనవరి 4న వింగ్ కమాండర్ రాజీవ్ కొఠియాల్ మన దేశపు తేలికపాటి యుద్ధవిమానాన్ని మొదటిసారి గాల్లోకి లేపింది అక్కడే. తర్వాత తేజస్ అని పేరు పెట్టుకున్నది దానికే. ఆ ప్రాజెక్టును నడిపించిన కోట హరినారాయణ గారు బరంపురంలో పుట్టిన మన తెలుగువారు. 2024 మార్చి 28న తేజస్ మార్క్ 1ఏ తొలిసారి లేచి 18 నిమిషాలు తిరిగి దిగిందీ అక్కడే.

అక్కడి మేడ మీంచి మా మేనల్లుడు ఓ తేజస్‌ని ఫోనులో పట్టి మా ఇంటి గ్రూపులో పెట్టాడు. ఇక చూస్కోండి! "నాలుగు వేల అడుగులుంటుంది మావయ్యా" అని వాడు. "వెయ్యి దాటదురా" అని మా బావ. "ఆ నీళ్ళ ట్యాంకుని రాసుకుంటూ పోయింది కదరా, నూరడుగులు కూడా ఉండదు" అని మా పెద్దమ్మ.

ముందు పెద్దమ్మ మాట తీసుకుందాం. ఎక్కువమంది పడే పొరపాటు అదే. మీ పెరట్లో, మీకు 40 మీటర్ల దూరంలో కొబ్బరిచెట్టు ఉందనుకోండి. దాని మొవ్వు మీ కంటి మట్టానికి 18 మీటర్లు పైన ఉంది. మొవ్వుని ఆనుకునే విమానం పోయినట్టు వీడియోలో కనిపించింది. అది నిజంగా చెట్టు మీదే ఉంటే 18 మీటర్లు. కిలోమీటరు అవతల ఉంటేనో? 40కి 18 అయితే 1000కి 450 మీటర్లు! బొమ్మ మాత్రం రెండింటికీ ఒకటే. చెట్టయినా ట్యాంకయినా విమానం ఎంత కోణంలో ఉందో చెబుతుంది, అంతే. దూరం తేలకుండా ఎత్తు తేలదండీ.

మరి దూరం ఎలా తేలుతుంది? విమానం అసలు సైజు తెలిస్తే తేలుతుంది. తేజస్ పొడవు 13.2 మీటర్లు. ఇక మీ ఫోను సంగతి కనుక్కోవాలి. రెండు మీటర్ల వెదురు గడ ఒకటి తీసుకుని, సరిగ్గా 20 మీటర్ల దూరాన నిలబెట్టి, జూమ్ ముట్టుకోకుండా వీడియో తీయండి. తెర మీద గడ 150 పిక్సెళ్ళు వచ్చిందనుకోండి. 150ని 20తో హెచ్చవేసి రెండుతో భాగిస్తే 1500. మీ ఫోనుకి ఆ సెట్టింగులో ఇదే గుర్తు. గడని ఫోటో తీసి, విమానాన్ని వీడియో తీస్తే లెక్క కుదరదు. వీడియో తీసేటప్పుడు చెయ్యి వణుకు కనపడకుండా చాలా ఫోన్లు అంచులు కత్తిరించేస్తాయి. వాట్సాప్‌లో వచ్చిన వీడియో అయితే కుంచించుకుపోయి ఉంటుంది, కాబట్టి అసలు ఫైలే అడగండి.

మావాడి ఫోనుకి వచ్చిన గుర్తు కూడా 1500. విమానం మనకి అడ్డంగా, పూర్తి పక్కవాటుగా కనిపించిన క్షణం దగ్గర వీడియో ఆపి కొలిస్తే ముక్కు నుంచి తోక దాకా 33 పిక్సెళ్ళు. 1500ని 13.2తో హెచ్చవేసి 33తో భాగిస్తే 600 మీటర్లు. అది కంటికీ విమానానికీ మధ్య ఏటవాలు దూరం. ఇప్పుడు ఊర్ధ్వకోణం కావాలి. వాడు మళ్ళీ మేడెక్కి, అదే చోట నిలబడి, ట్యాంకు పైఅంచుకి ఉన్న కోణం కొలిచాడు. ఫోనులో కోణాలు కొలిచే యాప్‌లు ఉన్నాయిగా! అక్కణ్ణించి విమానం ఎన్ని పిక్సెళ్ళు పైనుందో చూసి కలిపాడు. 1500 గుర్తున్న ఫోనులో ఫ్రేము మధ్య భాగాన సుమారు 26 పిక్సెళ్ళకి ఒక డిగ్రీ. మొత్తం 30 డిగ్రీలు తేలింది. సైన్ 30 అంటే సగం, పదో తరగతి పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. 600లో సగం 300 మీటర్లు. అడుగుల్లో దగ్గర దగ్గర వెయ్యి!

బావ గెలిచాడా? ఆగండి. పైలట్ ముందున్న ఆల్టీమీటరు గాలి ఒత్తిడిని బట్టి చెబుతుంది. సముద్రమట్టం నుంచి లెక్కపెట్టేలా దాన్ని సరిచేస్తే, అది చూపించేది నేల నుంచి ఎత్తు కాదు. బెంగళూరు నేలే సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల పైన ఉంది. 900కి 300 కలిపితే 1200 మీటర్లు, అంటే సుమారు నాలుగు వేల అడుగులు. మేనల్లుడి మాట సముద్రం నుంచి, బావ మాట నేల నుంచి, రెండూ నిలబడ్డాయి! మన అమలాపురంలో అయితే ఈ తగువే రాదు. ఇక్కడ నేల సముద్రానికి కొద్ది మీటర్లే ఎత్తు.

అన్నిటికన్నా గట్టిగా పట్టుకోవాల్సింది ఇంకోటుంది. అది ఏ విమానమో తప్పు చెప్పామా, లెక్కంతా తప్పే. అదే 33 పిక్సెళ్ళ బొమ్మని సుఖోయ్-30 అనుకుంటే, దాని పొడవు 21.9 మీటర్లు కాబట్టి దూరం దాదాపు కిలోమీటరవుతుంది, ఎత్తు 300 కాస్తా 500 అయి కూర్చుంటుంది. విమానం అడ్డంగా కాకుండా 60 డిగ్రీలు పక్కకి తిరిగి ఉంటే పొడవు సగమే కనిపిస్తుంది, ఉన్న దూరం రెట్టింపుగా తేలుతుంది. అంచులు అలికినట్టుండి రెండు పిక్సెళ్ళు అటూ ఇటూ అయినా, కోణంలో రెండు డిగ్రీలు తేడా వచ్చినా, మన 300 మీటర్లు 260 నుంచి 340 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అందుకే "సరిగ్గా 984 అడుగులు" అని ఎవరైనా రాస్తే నేను నమ్మను. 260 నుంచి 340 మీటర్లు అన్నవాడి మాట నమ్ముతాను.

చప్పుణ్ణి బట్టి చెప్పొచ్చు కదా అంటారు. మెరుపుకైతే చెప్పొచ్చు, దీపావళి తారాజువ్వకైతే చెప్పొచ్చు. వెలుగు కనబడ్డాక మూడు సెకన్లకి చప్పుడొస్తే కిలోమీటరు. జెట్ మోత ఎడతెగదు, ఏ మోత ఎక్కడ పుట్టిందో పట్టుకోవడం కష్టం.

మన రాష్ట్రంలోనే ఇలాంటి వీడియోలకి మంచి చోటొకటి ఉంది. కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పుతో వాయుసేన కోసం అత్యవసర రన్‌వే కట్టారు. 2024 మార్చి 18న ఏఎన్-32, డోర్నియర్ అక్కడ దిగి లేచాయి. సుఖోయ్‌లు, హాక్‌లు దిగకుండా పైనుంచి దూసుకుపోయాయి. రోడ్డు వెడల్పు తెలుసు, విమానం పొడవు తెలుసు. ఇంతకన్నా మంచి లెక్క ఏ పుస్తకంలో దొరుకుతుంది చెప్పండి!

లెక్కల మాస్టార్లూ, మీకో మనవి. పదో తరగతిలో త్రికోణమితి అనువర్తనాలు చెప్పేటప్పుడు గోపురాలూ దీపస్తంభాలూ ఎలాగూ ఉంటాయి, ఈసారి పిల్లలతో ఓ వీడియో కూడా కొలిపించండి. 11 కిలోమీటర్ల పైన పోయే ప్రయాణికుల విమానం జోలికి మాత్రం వెళ్ళకండి. 1500 గుర్తున్న ఫోనులో అది అయిదే పిక్సెళ్ళు, ఒక్కటి తప్పితే రెండు కిలోమీటర్లు గల్లంతు. మధురపూడిలో దిగే ఏటీఆర్-72 తీసుకోండి, పొడవు 27 మీటర్లు. పిల్లలు కొలిచింది, విమానాల జాడ చూపించే యాప్‌లో ఉన్నది పక్కపక్కన రాయించండి. జవాబు మాత్రం ఒక్క అంకెగా వద్దు, ఇంత నుంచి ఇంత దాకా అని రాయించండి.