రాయబారం

నేను ఇంతకుముందు ఎప్పుడూ గోడపత్రికకు రాయలేదు. తప్పులుంటే క్షమించగలరు.

2022లో మన జిల్లాకు పల్నాడు అని పేరు పెట్టారు. పల్నాడు అంటే అందరికీ పల్నాటి యుద్ధమే గుర్తొస్తది. మాది మాచర్ల పైన అడివి అంచున ఉన్న చెంచు గూడెం. మా ఇంట్లో బడికి వచ్చినదాన్ని నేనే మొదలు. మా అవ్వకు అక్షరం ముక్క రాదు, కానీ వీరుల కథంతా నోటికే వచ్చు. ఒకసారి కార్తీక అమావాస్యకు నన్ను కారెంపూడి తిరునాళ్లకు తీసకపోయింది. వీరుల ఆయుధాలు ఊరూరి నుంచి తెచ్చి, నాగులేట్లో స్నానం చేయించి, వీరుల గుడికి తెస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని అయిదు రోజులు చేస్తారు.

ఆ యుద్ధం 1182 ప్రాంతంలో జరిగిందని సోషల్ మేడమ్ చెప్పారు. గురజాల నలగామరాజు, మాచర్ల మలిదేవరాజు ఒకే తండ్రి అనుగురాజు కొడుకులు, తల్లులే వేరు. అటు మంత్రి నాయకురాలు నాగమ్మ, ఇటు మంత్రి బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడి మాచర్లవాళ్లు ఏడేండ్లు వలస పోయారు. గడువు తీరాక మా రాజ్యం మాకియ్యమని అలరాజును రాయబారం పంపారు. అలరాజు నలగామరాజుకు సొంత అల్లుడే. తిరిగొస్తుండగా చర్లగుడిపాడులో విషం పెట్టి చంపించారని కథ. ఆయన భార్య పేరిదేవి నలగామరాజు కూతురు. అటు పుట్టిల్లు, ఇటు అత్తిల్లు. ఆమె కూడా మొగుడితోపాటే ప్రాణం విడిచింది.

ఇక రెండు పక్కలా చుట్టాలు, స్నేహితులు చేరి, దండ్లు కారెంపూడిలో దిగినయ్యి. మళ్లీ సంధి మాటలు వచ్చినా బాలచంద్రుడు ఒప్పుకోలేదు. బ్రహ్మనాయుడి కొడుకు అతను. చిన్న వయసులోనే యుద్ధంలో చనిపోయాడు. మాల కన్నమదాసు సేనను నడిపించాడు. చివరికి రెండు పక్కలా వీరులంతా పోయారు. గెలిచినవాళ్లకు మిగిలింది ఏముంది?

తిరునాళ్లలో అందరూ బాలచంద్రుడి కథకు ఈలలు వేస్తారు. మా అవ్వ మాత్రం రాయబారం రోజునే ఏడ్చిద్ది. "మాట మోసేవాడు బతికుంటే ఇంతమంది సచ్చేవోళ్లు కాదే" అంటది. అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. పోయిన నెల కుళాయి దగ్గర బకెట్ల వరస కోసం మా గదికీ పక్క గదికీ గొడవ అయింది మీకందరికీ తెలుసు. రెండు రోజులకు పక్క గది అక్క నన్ను పిలిచి, "రేపు మీరే ముందు పట్టుకోండి, ఎల్లుండి మేము పట్టుకుంటాం, మీవాళ్లకు చెప్పు" అంది. నేను మా గదికి పోయి, "రేపు చూసుకుందాం అన్నారు" అని చెప్పాను. అంతే చెప్పాను. ఎందుకంటే అంతకుముందు క్లాసులో నేను పాఠం తడుముకుంటూ చదివినప్పుడు ఆ గదివాళ్లలో ఒకరు నవ్వారు. ఆ కోపం కడుపులో ఉంది.

తెల్లారి ఏమైందో మీకు తెలుసు. మనిషికొక జట్టు చేరింది. ఏ గొడవలో లేని ఆరో తరగతి చెల్లి తోపులాటలో జారి పడింది. మోచేతికి మూడు కుట్లు పడ్డాయి. ఆ రోజు నుంచి రెండు గదులవాళ్లం విడివిడిగా కూచొని తింటున్నాం. ఎవరు ముందు మొదలుపెట్టారని వార్డెన్ మేడమ్ అడిగితే అందరం ఎదుటివాళ్లను చూపించాం. నేనూ చూపించాను.

అలరాజును వేరేవాళ్లు చంపారు. నేనైతే మోసుకొచ్చిన మాటను నేనే చంపాను. చెల్లికి నిన్న చెప్పాను. ఆ పిల్ల ఏమీ అనలేదు, కట్టు చూసుకుంది. అందుకే అందరికీ తెలిసేటట్టు ఇక్కడ రాస్తున్నాను. అక్కా, నువ్వు మంచి మాటే పంపావు. తప్పు నాది.

బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లను ఒకే చాప మీద కూచోబెట్టి చాపకూడు పెట్టించాడు. కారెంపూడిలో మందపోరు రోజున ఇప్పటికీ పెడతారు. ఈ ఆదివారం మన రెండు గదులవాళ్లం అట్లా కలిసి తిందామని నా మనవి. చాపలు నేను పరుస్తాను, తిన్నాక నేనే ఎత్తుతాను. వార్డెన్ మేడమ్ ఏ శిక్ష వేసినా ఒప్పుకుంటాను.

ఇట్లు,
మీ తొమ్మిదో తరగతి విద్యార్థిని
అచ్చంపేట