నోటీసు బోర్డుమీది మాట

2002లో కోల్‌కతాలోని ఒక కళాశాలలో నేను ఇంగ్లీషు ఉపన్యాసకుణ్ణి. వెనకబడిన విద్యార్థులకు సాయంత్రం ప్రత్యేక తరగతి నడిపే బాధ్యత నాపై పడింది. 'రెమిడియల్ క్లాసు' అని, దాని కింద బెంగాలీలో 'సంశోధన' అని రాయించి, పంతొమ్మిది పేర్లు బోర్డుకు అంటించాను. వచ్చినవారు ముగ్గురు.

వారిలో ఒకడు టీటాగఢ్ జనపనార మిల్లుకు వలసవచ్చిన శ్రీకాకుళం కుటుంబంవాడు. మిగిలినవాళ్లేరని తెలుగులో అడిగాను.

"సంశోధనాగారమంటే ఇక్కడ జైలు కదా మాస్టారూ! ఎవరొస్తారు?"

నిజమే. అక్కడ జైళ్లకు ప్రభుత్వం పెట్టిన కొత్త పేరు అదే.

మన తెలుగు మాత్రం తక్కువ తిన్నదా? ఉపాధ్యాయ శిక్షణ పుస్తకాలలో దీని పేరు 'లోపనివారణ బోధన'. పిల్లవాడు గుమ్మం దాటకముందే రోగి! పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల నుంచి 1980లలో ఇంగ్లీషును తొలగించినవారు పెద్దలు. లోపం మాత్రం పిల్లలదైంది. అమెరికాలోనూ ఈ తంటా తీరలేదు. కళాశాలలలో 'అభివృద్ధి విద్య' బోధించేవారి జాతీయ సంఘం ఆ మాటనూ వదిలి, 2019లో 'విద్యార్థి విజయం' అనే పేరు తగిలించుకుంది.

నేను జాబితా చించి, 'ఇంగ్లీషు సాధన, అందరికీ' అని రాయించాను. పాఠాలు అవే, పుస్తకమూ అదే. "సీసా మార్చారు, మందు అదే" అని సహోద్యోగి ఒకాయన నవ్వాడు. పదకొండుమంది వచ్చారు. కొత్త పేరు వల్లనో, పాత జాబితా పోవడం వల్లనో నేను తేల్చుకోలేకపోయాను. నెల తిరిగేసరికి మంచి మార్కులవాళ్లు కూడా ఇద్దరు వచ్చారు. టీటాగఢ్ కుర్రవాడు జరిగి వారికి చోటిచ్చాడు.