స్లాబున్నోళ్ల సూర్యుడు

పీఎం సూర్యఘర్ సబ్సిడీ ఎవరింటికి చేరుతోందో చూద్దామని జగిత్యాలలో బస్సు దిగాను. సోలార్ ప్యానళ్లు బిగించే ఎలక్ట్రీషియన్ ఒకతను దొరికాడు. లెక్కంతా నోటికి ఉంది: మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30 వేలు, మూడోదానికి 18 వేలు, ఎంత పెద్దది పెట్టుకున్నా కేంద్రం ఇచ్చేది 78 వేలు దాటదు. "ముందుగాల మనమే పెట్టాలె సార్. నెట్ మీటర్ బిగించి, కరెంటోళ్లచ్చి చూసినంకనే ఖాతాల పడ్తది" అన్నాడు.

అతని బండెక్కి కోరుట్ల వెళ్లాను. కొడుకు దుబాయ్‌లో ఉన్న ఇల్లు, రెండు ఏసీలు. స్లాబు మీద 3 కిలోవాట్ల ప్యానళ్లు సుమారు 300 చదరపు అడుగుల్లో పరుచుకున్నాయి. మామిడి తోటల దుమ్ము, రోడ్డు దుమ్ము కలిసి అంచుల దగ్గర గీతకట్టింది. ఇంటావిడ పైపుతో కడుగుతుంటే బురద నీళ్లు జారి అద్దం కింద నీలం రంగు తేలింది. గోడకున్న నెట్ మీటర్‌లో అంకెలు మారుతున్నాయి: లైన్ నుంచి తీసుకున్న యూనిట్లు ఒకసారి, లైన్‌కు పంపినవి మరోసారి. మంచి ఎండ కాస్తే రోజుకు 12 యూనిట్ల దాకా వస్తాయి.

పక్కింటి అరుగు మీద బీడీలు చుడుతున్న అవ్వను "నువ్వెందుకు పెట్టియ్యలే?" అనడిగాను. "నాకు జీరో బిల్లు అస్తది బిడ్డా. గవెందుకు?" అంది చేతులాపకుండానే. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడే పేదిళ్లకు 2024 నుంచి బిల్లు లేదు. పొలాల సంగతీ అంతే. 2018 నుంచి ఉచిత కరెంటు 24 గంటలూ ఇస్తామన్న రాష్ట్రంలో, కేంద్రం కుసుమ్ పథకం కింద సబ్సిడీ ఇచ్చే సోలార్ పంపుకు చేతి డబ్బు పెట్టే రైతు అరుదు.

వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరాను. రేకుల షెడ్డులో సాంచాల (మరమగ్గాల) చప్పుడుకు మాట వినబడదు. ఆసామి బయటికొచ్చి చెప్పాడు: "మాది ఇంటి మీటర్ కాదు గదన్నా, సూర్యఘర్ మాకు రాదు. షెడ్డు కూడా కిరాయిదే." కరెంటు ఖర్చు కూలి మీద పడేది ఇక్కడే, సబ్సిడీ రానిదీ ఇక్కడే.

దారి లేకపోలేదు. 2017లో మొదలైన కేంద్ర పథకం పవర్‌టెక్స్ ఇండియాలో చిన్న మరమగ్గాల యూనిట్లకు సోలార్ సబ్సిడీ ఉండేది. సిరిసిల్లకు 1970 నుంచి సొంత సహకార విద్యుత్ సంఘం సెస్ ఉంది. వినియోగదారులే అందులో సభ్యులు. ఏసీ ఇంటికి 78 వేలు ఇవ్వగలిగిన కేంద్రం మగ్గానికి ఆ పాత సబ్సిడీని మళ్లీ తేవాలి. కిరాయి షెడ్ల వాళ్లకు ఉమ్మడి ప్లాంటు పెట్టే పని సెస్ భుజానికెత్తుకోవాలి. బిల్లు భారం ఎవరిదో వాళ్లకే మొదటి సాయం అందాలి.