యంత్రమునకు గురులఘువులు

వృత్తిచేత మేము బడిపంతులము. పగలు పిల్లలకు తెలుగును, సంస్కృతమును, అవసరమైనపుడు ఇంగ్లీషును చెప్పి, రాత్రి భోజనమైన పిదప ఒక గంటసేపు కంప్యూటరు ముందు కూర్చుండి చిన్న చిన్న ప్రోగ్రాములు వ్రాసికొనుట మా యలవాటు. చీట్లపేకకంటె నిది మేలని మా యింటివారును, దీనికంటె చీట్లపేకయే మేలని మా మిత్రులును అందురు. పేకాటకు నలుగురైనను కూడుదురు గదా యని మిత్రుల వాదము. ఈ పనివలన మాకు కాసు వచ్చుట లేదు. వచ్చునను నాశయు లేదు. మఱి యెందులకని యడుగువారు పలువురు గలరు.

ఈ ప్రశ్న పుట్టుటకు కారణము లేకపోలేదు. మన తెలుగునాట ప్రోగ్రాములు వ్రాయుట యనునది విద్య పేరు కాదు, ఉద్యోగము పేరు. 1998లో హైదరాబాదున సైబర్ టవర్స్ వెలసిన తరువాత పెండ్లిచూపులలో 'సాఫ్టువేరు సంబంధము' అను మాట వాడుకయైనది. అమీరుపేట వీథులలో శిక్షణాలయములు బారులు తీరినవి. పొట్టకూటికై నేర్చుటలో తప్పులేదు. మేమును జీతమునకే పాఠము చెప్పుచున్నాము. కాని సంగీతము నేర్చినవారందఱు కచేరీలు చేయుదురా? వాకిట ముగ్గు వేయు నిల్లాలు దానిని అమ్ముకొనునా? ఈ యొక్క విద్యను మాత్రము కూలి లేనిదే ముట్టరాదని యెవరు విధించిరి?

మేము వ్రాయబూనినది పెద్ద గ్రంథమేమియు కాదు. పద్యపాదము నిచ్చినచో గురులఘువులను గుర్తించు ప్రోగ్రాము. అందులకు మేమెన్నుకొన్న భాష పైథాను. హాలెండు దేశీయుడగు గైడో వాన్ రోసమ్ దీనిని 1991లో లోకమునకు విడుదల చేసెను. దీనికి వెల లేదు. పేరు వినగానే కొండచిలువ స్ఫురించును గాని, మాంటీ పైథాన్ అను ఆంగ్ల హాస్యబృందమునుబట్టి యా పేరు వచ్చినది. 2008లో వెలువడిన మూడవ సంస్కరణమునుండి యిందు మనము పెట్టుకొను పేర్లు తెలుగు లిపిలో నుండవచ్చును. కావున మా ప్రోగ్రాములో గురువు, లఘువు అను మాటలు తెలుగుననే యున్నవి. ఇఫ్, ఫర్ వంటి యా భాష సొంత పదములు మాత్రము ఇంగ్లీషువే. ఇంటివారు తెలుగువారు, తలుపులును గొళ్ళెములును సీమవి యన్నమాట.

శనివారము బడి విడిచిన పిమ్మట ఆసక్తిగల పిల్లలు కొందఱు మా చుట్టు చేరుదురు. ఒకనాడు తొమ్మిదవ తరగతి బాలిక యొకతె 'స్త్రీ' అను మాటను యంత్రమున కిచ్చి, ఇందెన్ని యక్షరములని యడిగెను. యంత్రము 6 అని చెప్పెను. "అక్షరము ఒక్కటే గదండీ! యంత్రము తప్పు చెప్పినదా?" అని పిల్ల మావైపు చూచెను.

యంత్రము తప్పు చెప్పలేదు. లోకమందలి లిపులను సంఖ్యలుగా మార్చి కంప్యూటరులకు తెలుపు యూనికోడు అను నేర్పాటొకటి కలదు. 1991లో వచ్చిన దాని మొదటి సంస్కరణముననే తెలుగునకు 128 గదులు కేటాయించిరి. ఆ గదులలో 'స్త్రీ' లేదు. సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, గుడిదీర్ఘము అను నాఱు సంకేతములు వరుసగా నిలిచినపుడు తెరపై నొక్క యక్షరముగా కనబడును. ఇది పెద్ద సంస్థలకును చిక్కు తెచ్చినది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అను తెలుగక్షరము ఒకానొక సంకేతముల కూర్పుతో వచ్చి చేరగా ఐఫోనులు తబ్బిబ్బైనవి. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే సవరణ పంపెను. జ్ఞానమునందలి మొదటి యక్షరమే ఫోనును పడగొట్టినదని తెలుగువారు నవ్వుకొనిరి. మేమును నవ్వితిమి. కాని మనవారెందఱో ఆ రంగమున నుండగా మన యక్షరమును ముందుగా పరీక్షించి చూచువారు కఱవైరి గదా యను చింతయు కలిగినది.

బాలికకు మేము వెంటనే విషయము చెప్పలేదు. నీవేల యొక్కటి యనుచున్నావో యంత్రమునకు తెలియునట్లు చెప్పుమంటిమి. ఆమె రెండు మూడు మాఱులు పలికి చూచుకొని, "ఒక్క ఊపిరిలో పలుకుదుము గనుక" అనెను. యంత్రమునకు ఊపిరి లేదంటిమి. అరగంటకు, "పొల్లు వెనుక హల్లు వచ్చినచో నది వత్తు అగును, క్రొత్త అక్షరము కాదు" అని చెప్పెను. ఏండ్ల తరబడి వత్తులు వ్రాసిన పిల్ల, వత్తు అననేమో ఆనాడు మొదటిసారి తన మాటలలో చెప్పినది. మనుష్య శిష్యునకు సగము చెప్పిన చాలును, మిగిలినది యూహించి తల యూచును; ఊహింపకున్నను తల యూచును. యంత్రము తల యూపదు. కొన్ని బడులలో ఈ ప్రోగ్రాములనే కంఠస్థము చేయించి, కాగితముపై వ్రాయించి మార్కులు వేయుచున్నారు. ఈత నేలమీద నేర్పుట యిట్టిదే.

గురులఘువుల సూత్రములు తెలియనివి కావు. దీర్ఘము గురువు, సున్నయు విసర్గయు గలది గురువు, పొల్లుతో కూడినది గురువు, సంయుక్తమునకును ద్విత్వమునకును ముందున్నది గురువు. చిక్కంతయు నీ కడపటి సూత్రమున నున్నది. సంస్కృతమున పాదమధ్యమందు పదము మాఱినను, సంయుక్తమునకు ముందున్న హ్రస్వము గురువే. తెలుగున నట్లు కాదు. 'జలస్థలము' అను సమాసమున ల గురువు. 'అది స్థలము' అన్నపుడు ది లఘువు. పద్యములను అచ్చువేయువారు పదములను తోచినట్లు కలుపుదురు, తోచినట్లు విడదీయుదురు; ఎడము చూచి నిర్ణయింప వీలులేదు. సమాసమగునో కాదో అర్థ మెఱిగినవారు చెప్పవలసినదే.

సంస్కృతము సంగతి వచ్చినది గనుక ఒక మాట. కంప్యూటరునకు సంస్కృతమే తగిన భాషయని నాసా తేల్చినదను వార్త యేటేట మా ఫోనునకు వచ్చుచుండును. 1985లో రిక్ బ్రిగ్స్ అను పరిశోధకుడు, సంస్కృత వైయాకరణులు వాక్యార్థమును విడదీసి చూపు పద్ధతికిని కృత్రిమమేధా శాస్త్రజ్ఞుల పద్ధతికిని గల పోలికనుగూర్చి యొక వ్యాసము వ్రాసెను. ఉన్నదంతయు నింతే. పాణినికి ఈ పుకారుల సాయమక్కఱలేదు. నాలుగువేలకు లోపు సూత్రములలో భాషను బంధించిన మహానుభావుడాయన. కంప్యూటరు భాషల వ్యాకరణమును వ్రాయుటకు వాడు బేకస్ పద్ధతికి పాణిని పేరు చేర్చదగునని 1967లోనే ఇంగర్మన్ సూచించెను. వార్తను పంపువారిలో అష్టాధ్యాయి తెఱచి పది సూత్రములు చదివిన వారెందఱో మాకు తెలియదు. పిల్లలను చదివించువారు మాత్రము మిక్కిలి తక్కువ.

విద్య చేత నున్నదని యింట ప్రతి పనికిని యంత్రమును తెచ్చుట మాకిష్టము లేదు. పాలలెక్కకు ప్రోగ్రాము వ్రాయించుకొమ్మని పొరుగావిడ మా గృహిణికి సలహా యిచ్చినది. ఆమె గోడమీది క్యాలెండరు చూపి, "పాలు రానినాడు సున్న చుట్టుదును, నెలాఖరున లెక్కపెట్టుదును. ఇది కరెంటు పోయినను పనిచేయును వదినా" అనెను. ఆ మాటకు తిరుగులేదు.

ఇక ఆ బాలిక తండ్రి. "కృత్రిమమేధ నడిగిన క్షణములో ప్రోగ్రాము వ్రాసి యిచ్చుచున్నది గదా, మా పిల్లకీ శ్రమ యెందులకండీ?" అని యాయన పోయిన నెల మమ్మడిగెను. ఇచ్చుట నిజమే. మా శనివారపు పిల్లలు దాని నడిగి చూడగా, 'అది స్థలము'లో ది గురువని చెప్పినది. అది తప్పని పట్టుకొన్నది వారి యమ్మాయియే. ఆ సంగతి చెప్పితిమి. ఆయన సంతసించెను గాని, వచ్చు నేడు పదవ తరగతి, శనివారములు మాన్పింతు ననెను. ఇంటరు చదువు కుమారునకు ల్యాప్‌టాపు కొని యిచ్చినాడు. కుమార్తె ముట్టిన చెడునని దానిని బీరువాలో పెట్టి తాళము వేయుచున్నాడు. ఆయన ఆడుపిల్లకు చదువు వలదనువాడు కాడు. ఫీజు కట్టుచున్నాడు, ర్యాంకు కోరుచున్నాడు. పరీక్షలో నడుగనిది చదువు కాదని యాయన నమ్మిక. కుమారునియెడలను ఆ నమ్మికయే గాని, వాడు రాత్రి పదింటిదాక ఆటలాడినను తాళము పడదు. ఈ భేదమును మేము ఎదుటనే యెత్తి చూపితిమి. ఆయన భార్య వంటింటి గుమ్మమున నిలిచి, "మాస్టరుగారు చెప్పినది నిజమే గదా" అనినది.

ఆదివారము అరగంటకు ఒప్పందము కుదిరినది. తక్కిన దినములలో ఆ పిల్ల సమాసములను ఒక వరుసను, విడిపదములను మఱియొక వరుసను నోటుపుస్తకములో వ్రాసి తెచ్చుచున్నది. ఇప్పటికి డెబ్బది దాటినవి. వానిలో సగము యంత్రమునకు ఇంకను చెప్పవలసియున్నది. అరగంట చాలుట లేదు.