నూనె, బంక, ఒక ఫైబర్ బోటు

మన ఆఫీసుల్లో కార్ల పిచ్చున్న వాణ్ణెవణ్ణైనా రోటరీ ఇంజను గురించి కదిపి చూడండి, గంటకి తక్కువ చెప్పడు. అందులో పిస్టన్ ఉండదు, మూడు మూలల రోటరు గిర్రున తిరుగుతుంటుంది. మాజ్డా వాడు దాన్ని ఆర్‌ఎక్స్-8లో 2012 దాకా నడిపి, 2023లో ఎంఎక్స్-30 కారులో కరెంటు పుట్టించే పనికి మళ్ళీ దించాడు. రోటరు కొసల్లో ఉండే సీళ్ళకి నూనె అందాలి కాబట్టి ఆ ఇంజను కావాలనే కాస్త నూనె తాగుతుంది. చాలామంది పెట్రోల్లోనే టూ-స్ట్రోక్ నూనె కలిపి పోస్తారు.

మా ఉద్దానంలో రోటరీ ఇంజను నేనైతే చూళ్ళేదు. కానీ పెట్రోల్లో నూనె కలుపుకుని తాగే అవుట్‌బోర్డ్ మోటార్లు మాత్రం బారువ వైపు ఒడ్డున ఫైబర్ బోట్ల వెనక వేలాడుతూ కనిపిస్తాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఇంజన్లు విప్పడానికి అదే అదను. మొన్నటి నిషేధంలో నా చిన్నప్పటి స్నేహితుడు ఫోన్ చేసి, "ఒరే, ఇంజినీరింగు సదివేవు కదా, ఏ నూని కొనాలో సెప్పు" అన్నాడు. నేను చదివింది కంప్యూటర్లు! అయినా మాన్యువల్ చదవడం మన వృత్తే కదా అని కూర్చున్నా.

వాడికిది సరదా వ్యవహారం కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వాళ్ళ జీడితోట వేళ్ళతో సహా లేచిపోయింది. అప్పట్నుంచి ఇల్లు నడిచేది ఆ బోటు మీదే.

మొదటిది నూనె. షాపులో సులువుగా దొరికేది బైకుల 2టీ నూనె, ధర కూడా తక్కువ. బైకు ఇంజను గాలికి చల్లబడుతుంది, బాగా వేడి మీద నడుస్తుంది. బోటు ఇంజను సముద్రపు నీళ్ళతో చల్లబడుతుంది, అంత వేడెక్కదు. బైకు నూనెలో ఉండే లోహపు రసాయనాలు ఇక్కడ సరిగ్గా కాలక బూడిదలా పేరుకుంటాయి. ప్లగ్గు పాడవుతుంది, రింగులు పట్టేస్తాయి. అందుకే బూడిద మిగల్చని నూనె కావాలి, డబ్బా మీద 'టీసీ-డబ్ల్యూ3' అని ఉండాలి. ఎంత కలపాలన్నది మాన్యువలే చెప్తుంది. 50:1 అని ఉంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు, చేతి అందాజు పనికిరాదు.

రెండోది బంక. సిలికాన్ ట్యూబు మూత తీయగానే వెనిగర్ వాసన కొడితే దాన్ని ఇంజను దగ్గరికి రానివ్వొద్దు. ఆరేటప్పుడు వచ్చే ఆ ఆమ్లం లోహాన్ని తింటుంది. ఆ వాసన రాని, ఇంజన్లకోసమే చేసిన రకం వేరే ఉంది. అదైనా పల్చగానే పుయ్యాలి. ఎక్కువైనది లోపలికి నొక్కుకుపోయి, రబ్బరు ముక్కలై దారులు మూసేస్తుంది. నున్నగా కోసిన రెండు లోహపు ముఖాల మధ్యకైతే గాలి తగలని చోటే గట్టిపడే బంక మేలు. పక్కకి కారినది గట్టిపడదు కాబట్టి బెంగ లేదు.

మూడోది, అందరూ తేలిగ్గా తీసుకునేది, ప్రొపెల్లర్ షాఫ్టు ఆయిల్ సీలు. టెక్కలిలో క్వారీ మెషిన్ల సామాన్లమ్మే షాపులో సరిగ్గా అదే సైజు సగం ధరకి దొరికిందని మావాడు సంబరపడ్డాడు. సైజు సరే, లోపలి స్ప్రింగు మామూలు ఉక్కు. ఉప్పునీళ్ళలో అది తుప్పు పడితే సీలు పట్టు వదిలేస్తుంది. స్టెయిన్‌లెస్ స్ప్రింగుదే కావాలని పట్టుబట్టా. ఇంకోటి, వల నైలాను దారం షాఫ్టుకి చుట్టుకుంటే ఎంత మంచి సీలునైనా కోసేస్తుంది. కాబట్టి అప్పుడప్పుడు ప్రొపెల్లర్ ఊడదీసి చూస్తూ ఉండాలి.

ఇన్ని చెప్పాక మెకానిక్కు నా మీద విసుక్కుంటాడనుకున్నా. ఆయన మావాడి వైపు తిరిగి, "రోడ్డు మీద బండాగిపోతే తోసుకెల్పోతావు బావూ. సముద్రంలో ఎవుల్చేత తోయిత్తావు?" అన్నాడు. నా మూడు పేరాల సారం ఆయన రెండు ముక్కల్లో తేల్చేశాడు.

మన సర్వర్ పడిపోతే రీస్టార్ట్ చేస్తాం, పాత వెర్షన్‌కి వెనక్కెళ్తాం, రాత్రి నిద్ర చెడుతుంది, అంతే. ఒడ్డు కనపడనంత దూరంలో ఇంజను పట్టేస్తే, పక్కన ఇంకో బోటు ఉంటేనే తాడు. లేకపోతే గాలి ఎటు తోస్తే అటే. మనవాళ్ళు పిస్టన్‌కీ రింగులకీ వేలు పోసి, చివర్లో నూనె దగ్గరా బంక దగ్గరా వందలు మిగుల్చుకుంటారు. ఆ ఖరీదైన సామానంతా బతికేది ఈ చవక సామాను దయ మీదేనని నా అభిప్రాయం.

జూన్ 15న మావాడు వేటకెళ్ళాడు. వారం తర్వాత గేరు నూనె కాస్త బయటికి తీసి చూడమన్నా. పాలల్లే తెల్లబడితే నీళ్ళు దిగినట్టు లెక్క.

"తెల్లగా నేదురా, తేనె రంగులో ఉంది" అన్నాడు. మీ ఊళ్ళో ఎవరికైనా బోటుంటే ఈ ఒక్క పరీక్షయినా చెప్పండి, పైసా ఖర్చు లేదు.